అమ్మ ముందు వైన్ గ్లాసు

వీడియో కాల్ మోగగానే నేను చేసే మొట్టమొదటి పని ఏమిటో తెలుసా? జుట్టు సర్దుకోవడం కాదు, బొట్టు చూసుకోవడం కాదు. బల్ల మీదున్న సీసా తీసి కుర్చీ వెనకాల నేల మీద పెట్టడం! ఆ తర్వాతే ఫోనెత్తి "ఏమ్మా, కాఫీ తాగావా?" అని అడిగేదాన్ని. రెండేళ్ళపాటు ఇదే వరస.

మేం ఉండేది అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఐరిస్‌లో. మనకీ వీళ్ళకీ ఎనిమిదిన్నర గంటల తేడా. మేం రాత్రి పదిన్నరకి భోజనానికి కూర్చుంటే నెల్లూరులో అమ్మకి పొద్దున్న ఏడు. పాలు పోయించుకుని, వాకిట్లో ముగ్గేసి, కాఫీ గ్లాసు పట్టుకుని అప్పుడు చేస్తుంది ఫోను. "అర్ధరాత్రి పూట ఏం తిళ్ళు పాపా అవి?" అని రోజూ చీవాట్లే. పక్కనే నేల మీద సీసా ఉందని ఆవిడకేం తెలుసు!

నలభయ్యో పడిలో పడ్డదాన్ని, ఒక బిడ్డ తల్లిని, అమ్మకి దడిసి సీసా దాచడమేమిటని మీరు నవ్వుకోవచ్చు. కారణం చెబితే నవ్వరు. అది తర్వాత చెప్తాను. ముందు ఈ ఊరి సంగతి.

ఎనిమిదింటికి భోజనమా!

మేం 2022 మార్చిలో వచ్చాం. మా ఆయన్ని సాఫ్ట్‌వేర్ కంపెనీ పంపింది. నేను నెల్లూరులో ఒక స్కూల్లో లెక్కల టీచర్ని. ఉద్యోగం వదులుకుని, తొమ్మిదేళ్ళ బాబుని వెంటబెట్టుకుని బయల్దేరాను. రెండు విమానాలు మారి దిగేసరికి ఒకటిన్నర రోజు పట్టింది. మన దగ్గర ఎండలు ముదురుతుంటే ఇక్కడ ఆకులు రాలుతున్నాయి. సంక్రాంతికి చెమటలు, జూలైలో స్వెట్టర్లు. అలవాటు కావడానికి ఏడాది పట్టింది.

మా పేట పేరు కబషీతో. చిన్న గుర్రం అని అర్థం. నేను పుస్తకం చూసి 'కబాయితో' అని నేర్చుకుని వచ్చాను. తీరా ఇక్కడ ఎవరికీ అర్థం కాలేదు. రెండు 'ఎల్' అక్షరాలు పక్కపక్కన వస్తే ఈ ఊరివాళ్ళ నోట్లో అది 'ష' అయిపోతుంది. మధ్యతరగతి వాళ్ళ పేట. దాని కిందుగా వెళ్ళే భూగర్భ రైలు 1913లో మొదలైంది, దక్షిణ అమెరికాలో అదే మొట్టమొదటిది. 1889 నాటి మార్కెట్టు ఒకటి ఉంది. లోపల కూరగాయలూ, జున్నులూ, మాంసం కొట్లూ అన్నీ ఒకే కప్పు కింద.

వచ్చిన మొదటి శనివారం పిల్లాడికి ఆకలేస్తోందని రాత్రి ఎనిమిదింటికి హోటల్‌కి వెళ్ళాం. కుర్చీలు బల్లల మీద బోర్లించి ఉన్నాయి. నేల తుడుస్తున్న కుర్రాడు మమ్మల్ని జాలిగా చూశాడు. ఇక్కడ తొమ్మిదిన్నర, పది కానిదే ఎవరూ రాత్రి భోజనం తినరు. సాయంత్రం ఐదారింటికి 'మెరియెందా' అని కాఫీ, దాంతో అర్ధచంద్రాకారంలో ఉండే తియ్యటి రొట్టెలు తింటారు. మన టిఫిన్ లాంటిదే అనుకోండి. అది తిననివాడు పది దాకా కడుపు మాడ్చుకోవాల్సిందే.

ఇంకో ఇబ్బంది పలకరింపు. ఎవరు కనిపించినా చెంపకి చెంప ఆనించి ముద్దు పెడతారు. స్కూలు టీచరు, దంతాల డాక్టరు, పై ఫ్లాట్ ముసలాయన, అందరూ! మొదటి నెల నేను చేతిలో సంచీ అడ్డం పెట్టుకుని తిరిగాను.

ఒకే గొట్టం, ఆరుగురు ఆడవాళ్ళు

ముద్దుకైనా అలవాటు పడ్డాను కానీ 'మాతే' దగ్గర ఆగిపోయాను.

మాతే అంటే ఒక చెట్టు ఆకుల పొడి. దాన్ని చిన్న సొరబుర్రలో ముప్పాతిక వంతు నింపి, వేణ్ణీళ్ళు పోసి, అడుగున జల్లెడ ఉన్న లోహపు గొట్టంతో పీలుస్తారు. నీళ్ళు మరగకూడదు. మరిగితే ఆకు మాడి చేదెక్కుతుందంటారు. అందుకే ప్రతివాళ్ళ చంకలో ఫ్లాస్కు. పార్కులో, బస్టాండులో, ఆఫీసులో ఎక్కడ చూసినా ఇదే. 2013లో దీన్ని చట్టం చేసి మరీ జాతీయ పానీయంగా ప్రకటించారు. అదే ఏడాది వైన్‌కి కూడా అలాంటి చట్టమే చేశారు.

తాగడం సరే, ఎలా తాగుతారో చూడండి. ఒకావిడ నీళ్ళు పోస్తుంది. పక్కావిడ ఆ గొట్టంతోనే మొత్తం పీల్చేసి బుర్ర తిరిగి ఇచ్చేస్తుంది. ఆవిడ మళ్ళీ నీళ్ళు పోసి మూడో ఆవిడకి ఇస్తుంది. అదే బుర్ర, అదే గొట్టం. తుడవడం లేదు, కడగడం లేదు. తుడిస్తే అవమానించినట్టట! మా ఇంట్లో సొంత అన్నదమ్ములు కూడా గ్లాసు ఎత్తి పోసుకు తాగాలి. అన్నం గరిట కంచానికి తగిలితే అమ్మ ఊరుకునేది కాదు. అలా పెరిగినదాన్ని స్కూలు గేటు దగ్గర ఆరుగురు తల్లులు తాగిన గొట్టం నోట్లో పెట్టుకోమంటే ఎలా ఉంటుంది? కరోనా వచ్చిన 2020లో ఎవరి బుర్ర వాళ్ళే తాగాలని అధికారులు చెప్పారట. నేను వచ్చేసరికి ఆ భయం కాస్తా పోయింది. నా ఖర్మ.

కళ్ళు మూసుకుని పీల్చాను. వేపాకు కషాయం! అయినా నవ్వు మొహం పెట్టి, బుర్ర తిరిగిస్తూ "గ్రాసియాస్" అన్నాను. థాంక్స్ అని అర్థం. మర్యాద కదా మరి. రెండో విడత నా దాకా వచ్చేసరికి బుర్ర నన్ను దాటుకుని పక్కావిడకి వెళ్ళిపోయింది. మర్నాడూ అంతే. ఆ పై వారమూ అంతే. ఒకసారి ఇస్తారు, ఆపైన వదిలేస్తారు. నా రంగు చూసి వెలేశారనుకుని ఇంటికొచ్చి ఏడ్చాను కూడా.

మూడు వారాల తర్వాత ఒకావిడ అడిగింది, "నీకు మాతే ఒక్కటి చాలా? ఎప్పుడూ ఒకదానితోనే ఆపేస్తావేం?" అని. అప్పుడు తెలిసింది. మాతే తిరిగిచ్చేటప్పుడు 'గ్రాసియాస్' అంటే 'ఇక నాకు చాలు' అని అర్థమట! ఇంకా కావాలంటే నోరు మెదపకుండా బుర్ర ఇచ్చెయ్యాలి. మర్యాద పలికి మరీ నన్ను నేనే వెలేసుకున్నానన్నమాట. ఆ రోజు నుంచి నోరు మూసుకుని నాలుగు విడతలు తాగుతున్నాను. ఎంగిలి సంగతి అమ్మకి ఈనాటికీ చెప్పలేదు.

శనగపిండి రొట్టె, లినియేర్స్ మిరపకాయ

తిండి విషయానికి వస్తే, ఈ దేశం గొడ్డు మాంసం మీద బతుకుతుంది. మేం తినం. ఆ మాట చెప్పగానే "అయితే కోడి వండుతాలే" అంటారు. మాంసం లేని భోజనం ఒకటుంటుందని వాళ్ళకి తట్టనే తట్టదు. కానీ వెతుక్కుంటే కావలసినంత ఉంది. ఇటలీ నుంచి లక్షలాది మంది వలస వచ్చి కట్టుకున్న ఊరు కదా. ఉల్లిపాయలు, జున్ను దట్టంగా వేసిన 'ఫుగసెత్తా' పిజ్జా తింటే రెండో ముక్క అడగాల్సిందే. దాని మీద 'ఫైనా' పెట్టుకుని తింటారు. ఫైనా అంటే ఏమిటనుకున్నారు? శనగపిండి, నీళ్ళు, ఉప్పు, నూనె కలిపి ఓవెన్‌లో కాల్చిన దిబ్బరొట్టె! మొదటిసారి నోట్లో పెట్టుకోగానే నాకు నెల్లూరు గుర్తొచ్చింది. పచ్చి మొక్కజొన్న కూరిన ఎంపనాదాలు మన కజ్జికాయల ఆకారంలో ఉంటాయి. ప్రతి నెలా 29వ తారీఖున బంగాళాదుంప ముద్దలతో చేసే 'న్యోకీ' తిని, కంచం కింద నోటు పెడతారు, వచ్చే నెల డబ్బుకి లోటుండదని. 'దుల్సే దె లెచే' అనేది పాలూ చక్కెరా గంటలకొద్దీ మరిగించి చేస్తారు. పాలకోవా ఇంకా గట్టిపడకముందు చెంచాతో తిన్నట్టుంటుంది. మా బాబు సీసాలోకి వేలు పెట్టి నాకుతాడు.

లేనిదల్లా కారం. ఈ ఊరివాళ్ళు మిరియం గింజకే కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు. మాంసంలోకి నంజుకునే 'చిమిచుర్రి' పచ్చడిలో వెల్లుల్లి, పార్‌స్లీ, ఒరెగానో, వెనిగర్, నూనె, ఎండుమిరప తునకలు అన్నీ ఉంటాయి. ఆ మిరప మాత్రం పేరుకే మిరప. కందిపప్పు, చింతపండు బెల్‌గ్రానో పేటలోని చైనా బజారులో దొరుకుతాయని ఒకరు చెప్పారు. పచ్చిమిర్చికి మాత్రం లినియేర్స్ వెళ్ళాలి. మా స్టేషన్లో రైలెక్కితే నేరుగా దిగొచ్చు. అక్కడ బొలీవియా నుంచి వచ్చిన ఆడవాళ్ళు రెండు జడలేసుకుని, పేవ్‌మెంటు మీద వేరుశెనక్కాయలు, రకరకాల బంగాళాదుంపలు, మిరపకాయలు రాశులు పోసుకుని కూర్చుంటారు. 'లొకోతో' అని బుల్లి టమాటాలా గుండ్రంగా ఉండే మిరపకాయ ఒకటుంది. లోపల నల్లటి గింజలు. బాగా కారం. ఒకావిడ నేను కిలో తూచమంటే నమ్మలేక, "ఇది తియ్యటిది కాదమ్మా, కారం!" అని రెండుసార్లు చెప్పింది. ఒకటి అక్కడే కొరికి చూపించాను. బజారంతా నవ్వింది. ఇప్పుడు నేను కనబడితే చాలు, కొసరుగా నాలుగు పడేస్తుంది.

ధరల సంగతి ఏం చెప్పమంటారు! 2023లో ఒక్క ఏడాదిలో ధరలు 211 శాతం పెరిగాయి. ఇవాళ చూసిన వెల రేపు ఉండేది కాదు. జీతం రాగానే అందరూ పరిగెత్తుకెళ్ళి నూనె, పిండి, సబ్బులు కొనిపెట్టుకునేవాళ్ళు. మార్కెట్‌కి వెళ్ళాలంటే నోట్ల కట్ట రబ్బరు బ్యాండు వేసి తీసుకెళ్ళేదాన్ని. ఆ తర్వాత పెరుగుదల నెమ్మదించింది కానీ, ఆదివారం మాంసం తగ్గించుకున్న ఇళ్ళు మా బిల్డింగులోనే రెండున్నాయి.

సీసా మీద పెన్సిల్ గీత

ఇక అసలు సంగతి.

మా ఊరు నెల్లూరు జిల్లాలో కావలికి పడమరగా ఉన్న పల్లె. మా నాన్నకి సైకిల్ షాపు ఉండేది. పంక్చరుకి వచ్చిన డబ్బులు సాయంత్రానికి సారా ప్యాకెట్లయిపోయేవి. అమ్మ గొలుసు రెండుసార్లు తాకట్టుకి వెళ్ళింది, మూడోసారి వెళ్ళి తిరిగి రాలేదు. రాత్రి సైకిల్ చప్పుడు వినగానే అమ్మ మమ్మల్ని మంచం కిందకి తోసేది. అంతకంటే చెప్పక్కర్లేదు, మీలో చాలామందికి తెలిసిన కథే.

1992లో మా జిల్లాలోనే దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుంటూ, పాఠాల్లో తమ బతుకే కనబడి కదిలినవాళ్ళు. ఆ కథే మళ్ళీ అక్షరాస్యత పుస్తకంలో పాఠమైంది. అది చదివి మా ఊళ్ళో అమ్మావాళ్ళూ చీపుర్లు, కారప్పొడి పట్టుకుని దుకాణం ముందు బైఠాయించారు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. అమ్మ కొంగు పట్టుకుని నేనూ కూర్చున్నాను. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా ఆపేశారు. 1995 జనవరిలో మద్యమంతా నిషేధించారు, 1997లో ఎత్తేశారు. 2001లో నాన్న పోయాడు, లివరు చెడిపోయి. ఆ రోజు అమ్మ ఏడవలేదు.

అలాంటి ఇంటి నుంచి వచ్చి ఈ ఊళ్ళో పడ్డాను. సూపర్ మార్కెట్లో బియ్యం అరల పక్కనే వైన్ సీసాలు. ఏ ఇంటికి భోజనానికి పిలిచినా మంచినీళ్ళతో పాటు వైన్ కూడా బల్ల మీద ఉంటుంది. పెద్దవాళ్ళయితే అందులో సోడా కలుపుకుని తాగుతారు. నొక్కితే బుస్సుమనే గాజు సోడా సీసాలు, మన గోలీసోడా బండిలా ఇంటింటికీ తెచ్చి ఇచ్చేవాళ్ళు ఇంకా ఉన్నారు. పెంగ్విన్ పక్షి ఆకారంలో వైన్ పోసే జగ్గులు కూడా ఉంటాయి! నానమ్మ, కోడలు, మనవడు అందరూ ఒకే బల్ల దగ్గర. తిట్లు లేవు, తూలడం లేదు. తిండి అయిపోయినా లేవరు. రెండు మూడు గంటలు కబుర్లే. దానికి ఒక పేరే ఉంది, 'సోబ్రెమేసా' అని. చూస్తుంటే ముచ్చటేసేది. ఆ ముచ్చట వెనకాలే భయం వేసేది.

ఆరు నెలలకి మా ఆయన ఆఫీసువాళ్ళతో ఒక గ్లాసు అన్నాడు. తర్వాత ఇంట్లో ఒక గ్లాసు. తర్వాత బుధవారం కూడా. నేనేం మాట్లాడలేదు. ఆయన పడుకున్నాక సీసా లేబుల్ మీద వైన్ ఎంత దాకా ఉందో పెన్సిల్‌తో గీత గీసేదాన్ని. మర్నాడు చూసుకునేదాన్ని. లెక్కల టీచర్ని కదా, నెల రోజుల లెక్క నా దగ్గరుంది.

ఒక రోజు ఆయనకి గీతలు కనిపించాయి. "నన్ను మీ నాన్నతో పోలుస్తున్నావా?" అన్నాడు. "పోల్చట్లేదు, లెక్కపెడుతున్నా" అన్నాను. రెండు రోజులు మాటల్లేవు. మూడో రోజు ఆయనే సీసా తెచ్చి నా ముందు పెట్టి, "నువ్వే చెప్పు, ఎంతో" అన్నాడు. ఆదివారం మధ్యాహ్నం, భోజనంతో పాటు, ఒక్కటే అని చెప్పాను. ఎప్పుడైనా ఒక వారం నడుమ రాత్రి భోజనంలో కావాలంటే ఆ ఆదివారం మానెయ్యాలి. ఆ మాట ఇప్పటిదాకా నిలబెట్టుకున్నాడు. అయినా నేను గీత గీయడం మానలేదు, అది వేరే సంగతి.

ఇంకొక సంగతి కూడా దాచకుండా చెప్తాను. ఆ తర్వాత ఒక ఆదివారం నేనూ అర గ్లాసు పోసుకున్నాను. దేనికి భయపడుతున్నానో రుచి చూడాలనిపించింది. వగరు, పులుపు, నేరేడు పండు తిన్నాక నాలుక మీద మిగిలే రుచి లాంటిది. సారా కంపు లేదు. అందుకే ఇంకా భయమేసింది. ఇప్పటికీ పండగలకీ, ఎవరింటికైనా వెళ్ళినప్పుడూ అర గ్లాసు తీసుకుంటాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో మద్యం ఎంత తక్కువైనా పూర్తిగా సురక్షితం అనలేమని చెప్పింది. అది తెలిసే తీసుకుంటున్నాను. మిమ్మల్ని తాగమని చెప్పడానికి కాదు ఇది రాయడం.

మెండోసా తోటల్లో బిళ్ళలు

2023 మార్చిలో మెండోసా వెళ్ళాం. ఈ దేశపు వైన్‌లో సింహభాగం అక్కడిదే. రాత్రంతా బస్సులో, వెయ్యి కిలోమీటర్ల పైమాటే. ఏడాదికి 200 మిల్లీమీటర్ల చుట్టుపక్కల మాత్రమే వాన పడే ఎడారి నేల అది. ఆండీస్ కొండల మంచు కరిగిన నీళ్ళని కాలవల్లో తెచ్చి తోటలు పెంచారు. ఊళ్ళో వీధి వీధికీ రెండు పక్కలా కాలవలే. 1853లో మిషెల్ పూజే అనే ఫ్రెంచి ఆయన తెచ్చిన మొక్కల్లో మాల్బెక్ అనే నల్ల ద్రాక్ష ఒకటి. దాని పుట్టిల్లు ఫ్రాన్సులో దానికంత పేరు లేదు. ఇక్కడ కొండ గాలికీ ఎండకీ అదే రాణి అయింది.

అందరూ వైన్ రుచి చూస్తుంటే నేను తోటలోకి వెళ్ళాను. కోతలు జరుగుతున్నాయి. ఇరవై కిలోల దాకా పట్టే డబ్బా భుజానికెత్తుకుని పరుగున లారీ దగ్గరికి వెళ్ళి వంచాలి. వంచిన ప్రతి డబ్బాకీ ఒక బిళ్ళ ఇస్తారు. సాయంత్రం బిళ్ళలు లెక్కపెట్టి కూలి. ఒకావిడ తలగుడ్డ ముడిలో బిళ్ళలు దాచుకుంది. గుంటూరు మిరపకోతల్లో మా పిన్ని చేతులు గుర్తొచ్చాయి. "నువ్వు వైన్ తాగుతావా?" అని అడిగాను. "నేను కోసిన దానిదా? అంత డబ్బెక్కడిది!" అని నవ్వింది. అక్కణ్ణుంచి తెచ్చిన సీసా ఆరు నెలలు అలాగే ఉంచాను.

సోడా సీసా దగ్గర ఇద్దరు ముసలమ్మలు

2024 సెప్టెంబరులో అమ్మ వచ్చింది, రెండు నెలలకి. పెట్టె నిండా గోంగూర పచ్చడి, చింతపండు, చేపల పులుసు మసాలా. వచ్చిన రెండో రోజు సూపర్ మార్కెట్లో నిలబడిపోయింది. "ఏందే ఇది? బియ్యం పక్కనే పెట్టి అమ్మతా ఉండారే!" ఇంట్లో సీసాలన్నీ పైన అటకలో, పిల్లాడి చలికోట్ల వెనకాల దాచాను.

మా పై ఫ్లాట్‌లో ఎనభై దాటిన పెద్దావిడ ఉంటుంది. మా బాబుకి స్పానిష్ నేర్పింది ఆవిడే. అమ్మ వచ్చిందని తెలిసి ఆదివారం డాబా మీద భోజనానికి పిలిచింది. మా కోసం వంకాయలు, మొక్కజొన్న, తీగ సాగే జున్ను నిప్పుల మీద కాల్పించింది. కాల్చింది ఆవిడ కొడుకు. ఆదివారాలు మగవాళ్ళే వండుతారిక్కడ. వంటయ్యాక వండినాయనకి అందరూ చప్పట్లు కొడతారు. పొద్దున్నుంచీ కూరలు తరిగి, సలాడ్లు కలిపి, తర్వాత గిన్నెలు కడిగిన కోడలికి చప్పట్లు లేవు. అమ్మ అది కూడా కనిపెట్టింది.

పెంగ్విన్ జగ్గు బల్ల మీదకి వచ్చింది. అమ్మ మొహం మాడింది. పెద్దావిడ గ్లాసులో సగం వైన్, సగం సోడా పోసుకుంది. కొడుకు ముట్టుకోలేదు. సాయంత్రం కారు నడపాలట. బండి నడిపేవాళ్ళ రక్తంలో మద్యం అసలు ఉండకూడదని 2023లో దేశ పార్లమెంటు చట్టం చేసింది. అది చెబితే అమ్మ కాస్త తేలికపడింది. 1970లో ఈ దేశంలో మనిషికి ఏడాదికి తొంభై లీటర్ల వైన్ తాగేవారని, ఇప్పుడది ఇరవైకి లోపేనని ఆ కొడుకు చెప్పాడు.

"ఆ ముసలామె తాగేది చూస్తే నాకు భయం లేదు పాపా" అంది అమ్మ మెల్లగా. "మన పిలగాడు ఆ జగ్గుని చూస్తా ఉండాడే, అదీ నా భయం."

ఆవిడేమంటోందని పెద్దావిడ అడిగింది. ఏదో ఒకటి చెప్పి దాటేద్దామనుకున్నాను. కానీ ఇద్దరూ నా మొహమే చూస్తున్నారు. చెప్పేశాను. మా నాన్న సంగతి, సైకిల్ షాపు, గొలుసు, దుకాణం ముందు చీపుర్లు, అన్నీ. సారాకి స్పానిష్‌లో మాట దొరక్క కాసేపు తడుముకున్నాను.

పెద్దావిడ గ్లాసు కింద పెట్టింది. తన చిన్నప్పుడు తండ్రి రైల్వే వర్క్‌షాపులో పని చేసేవాడట. జీతం రోజున ఈవిడ చేతికి పెద్ద గాజు జాడీ ఇచ్చి కొట్టుకి పంపి వైన్ నింపించుకొచ్చేవాడు. ఎనిమిదేళ్ళ పిల్ల, మొయ్యలేక రెండుసార్లు పగలగొట్టింది. రెండుసార్లూ దెబ్బలు తింది. వాళ్ళమ్మ డబ్బుని మాతే ఆకు డబ్బాలో, ఆకు అడుగున దాచేదట. "మేం చీపురు పట్టుకోలేదు. బల్ల మీద గుడ్డ మార్చి, అంతా బాగున్నట్టు కూర్చున్నాం" అంది. నిప్పుల దగ్గర కొడుకు చేతిలో పటకారు అలాగే ఆగిపోయింది. ఆయనకీ ఈ సంగతి తెలియదు.

అమ్మకి చెప్పాను. అమ్మ లేచి వెళ్ళి ఆవిడ పక్క కుర్చీలో కూర్చుంది. "యాడైనా డబ్బాలే" అంది. "నేను బియ్యం డబ్బాలో దాచినా. ఆ మనిషికి ఎట్టనో తెలిసిపోయేది." అది స్పానిష్‌లోకి మారేసరికి పెద్దావిడ పెద్దగా నవ్వింది. వాళ్ళ నాన్నా కనిపెట్టేవాడట. ఆ పైన ఒక గంట నన్ను కదలనివ్వలేదు ఇద్దరూ. కారప్పొడి కళ్ళల్లో కొట్టారా, కొడతామని బెదిరించారా అని ఆవిడ మూడుసార్లు అడిగింది. బెదిరించామనే చెప్పమంది అమ్మ.

అంతలో పెద్దావిడ మామూలుగా, రోజూ అడిగినట్టే, జగ్గు నా వైపు వంచి "నీకూ కొంచెం?" అంది. నా గుండె జారిపోయింది. అమ్మ నా వైపు చూసింది. తెలుగులో చెప్పే ధైర్యం లేదు. "సీ" అన్నాను. అవును అని.

వచ్చి ఐదు వారాలైంది కదా, ఆ ఒక్క మాట అమ్మకి వచ్చు.

"ఎంత?" అంది. వేలితో గ్లాసు మీద సగానికి చూపించాను. "ఎన్నాళ్ళ నుంచి?" అంది. చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. కింద వీధిలో బస్సుల మోత తప్ప ఏమీ లేదు. తర్వాత సోడా సీసా దగ్గరికి లాక్కుని, దాని మీట ఎలా నొక్కాలో తెలియక ఒకసారి తన చీర మీదే చిమ్ముకుని, రెండోసారి నా గ్లాసులో అంచు దాకా నింపింది. వైన్ రంగు పోయి రోజ్ మిల్క్ నీళ్ళలా అయింది. "ఇప్పుడు తాగు" అంది.

నవంబరులో అమ్మ వెళ్ళిపోయింది. పెద్దావిడ తన పాత సోడా సీసా ఒకటి ఇచ్చింది. విమానంలో పట్టుకుపోవడానికి లేదంటే నొచ్చుకుంది. అది మా వంటింటి కిటికీలో ఉంది.

ఇప్పుడు రాత్రి పదిన్నరకి ఫోన్ మోగితే నేను దేన్నీ కుర్చీ వెనక్కి నెట్టడం లేదు. అమ్మ కాఫీ తాగుతూ ముందు పిల్లాడి గురించి, తర్వాత అల్లుడి గురించి అడుగుతుంది. ఆ తర్వాత కళ్ళజోడు సరిచేసుకుని, "ఆ సీసా ఇట్టా చూపించు. గీత గీసినావా లేదా?" అంటుంది.